అప్‌డేట్: బలిపశువును యాజకుడే కోయాలా?

యెరూషలేము ఆలయంలో బలిపశువును యాజకుడే కోయాలా అని పోయిన నెల అడిగాను కదా, జవాబు దొరికింది. అక్కర్లేదు! యూదుల పాత ధర్మశాస్త్ర సంకలనం మిష్నాలో, బలుల గురించి చెప్పే జెవాహిమ్ అనే భాగం మూడో అధ్యాయం మొదట్లోనే ఉంది: యాజకులు కానివాళ్లు, స్త్రీలు, దాసులు కోసినా చెల్లుతుంది. రక్తాన్ని పాత్రలో పట్టే దగ్గర్నుంచి మాత్రం యాజకుడే ఉండాలి. ఇన్నాళ్లూ కోతే అసలు ఘట్టమనుకున్నాను.

తర్వాత హుల్లిన్ అనే ఇంకో భాగం పట్టుకున్నాను. అది మామూలు మాంసం కోసం కోసే పద్ధతి. కత్తి అంచును వేలి కొన మీద, గోరు మీద మెల్లగా నడిపి చూడాలి. గోరుకు తగిలేంత చిన్న గంటు ఉన్నా పనికిరాదు. మా వంటింటి కత్తి గోటి మీద టక్కున ఆగింది.

క్రీ.శ. 70లో ఆలయం కూలి బలులు ఆగిపోయాక ఈ చదువెందుకని కూడా అడిగాను. పాపపరిహార బలి నియమాలు చదివితే ఆ బలి అర్పించినట్టేనని తాల్ముద్‌లో (మిష్నా మీద పండితుల చర్చల గ్రంథం) ఉంది. అక్కడ చాలాసేపు ఆగిపోయాను. దారి చూపినవాళ్లకు థాంక్స్, రేపు జెవాహిమ్ నాలుగో అధ్యాయం.