బ్యాడ్ సెక్టార్లు వచ్చిన హార్డ్ డిస్క్‌ని బాగుచేసి వాడాలా, పక్కన పెట్టేయాలా?

ఉప్పల్‌వాసి:
నాన్నగారి పాత డెస్క్‌టాప్‌లో 1 టీబీ హార్డ్ డిస్క్ ఉంది. పది రోజులుగా ఫోటోల ఫోల్డర్ తెరిస్తే చాలు, సిస్టమ్ మొత్తం బిగుసుకుపోతోంది, క్యాబినెట్ మీద ఎర్ర లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంటోంది. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో సాఫ్ట్‌వేర్ పెట్టి చూస్తే పసుపు రంగులో కాషన్ అని వచ్చింది. సీ5, పెండింగ్ సెక్టార్లు అన్న వరసలో 18 ఉంది. 05, అంటే స్పేర్ చోటికి మార్చేసిన సెక్టార్లు అన్న వరసలో సున్నా. ఇంటి దగ్గర షాపాయన విండోస్‌లో డిస్క్ తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ కొట్టి ఫార్మాట్ చేసిస్తా, మళ్లీ కొత్తదానిలా నడుస్తుంది అంటున్నారు. ఆఫీసులో ఫ్రెండేమో ఇంకో మాట లేకుండా పారేయమంటాడు. 2009 నుంచి ఇంట్లో తీసిన ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి, నానమ్మవి కూడా. బ్యాకప్ లేదు. ఎవరి మాట వినాలి?

పార్క్‌లేన్ మెకానిక్:
పారేయొద్దు తమ్ముడూ. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ పక్కన పదిహేడేళ్లుగా ఇదే పని నాది. సెక్టార్ అంటే డిస్క్‌లో డేటా రాసే చిన్న గడి. పెండింగ్ అంటే అది చచ్చిపోయిందని కాదు, చదవబోతే చదవలేకపోయాను, ఇంకోసారి చూస్తాను అని డిస్క్ గుర్తు పెట్టుకున్నదని. డిస్క్ రాస్తుండగా కరెంటు పోయిందనుకో, రాసిన డేటాకీ, తప్పులు సరిచూసుకోవడానికి దాని పక్కన రాసే కోడ్‌కీ పొంతన కుదరదు. అలాంటప్పుడు రేకు, అంటే డేటా రాసే లోపలి పళ్లెం, బాగానే ఉంటుంది, రాత మాత్రమే చెడింది. దాని మీద మళ్లీ రాస్తే డిస్క్ తనే పరీక్షించుకుంటుంది. బాగుంటే వాడుకలోకి తీసుకుంటుంది, లేదంటే కంపెనీవాళ్లు విడిగా ఉంచిన స్పేర్ సెక్టార్‌ని ఆ చోటుకి కేటాయిస్తుంది, కారులో స్టెప్నీ వేసినట్టే. క్విక్ ఫార్మాట్ కాదు, ఫుల్ ఫార్మాట్ చెయ్. విస్టా నుంచి విండోస్ ఫుల్ ఫార్మాట్‌లో ఆ పార్టిషన్ అంతటా సున్నాలు రాస్తుంది. నా దగ్గర అలా సరిచేసిన డిస్కులు నాలుగేళ్లుగా నడుస్తున్నవి ఉన్నాయి.

తార్నాక వసంతం:
మెకానిక్ గారూ, మీరు చెప్పిన విధానం నిజమే, కానీ ఆ అబ్బాయి అడిగిన పరిస్థితికి అది ప్రమాదం. నానమ్మ ఫోటోలున్నాయి, బ్యాకప్ లేదు అంటుంటే ఫుల్ ఫార్మాట్ గురించి మొదటి సమాధానంలోనే ఎలా చెబుతారండీ?

ఉప్పల్ తమ్ముడూ, ముందు ఒక సంగతి. ఆ సాఫ్ట్‌వేర్ ఆ చివరి గడిలో అంకెలు మామూలుగా హెక్సాడెసిమల్‌లో, అంటే పదహార్ల లెక్కలో, చూపిస్తుంది. నీకు కనపడ్డ 18 అంటే మన లెక్కలో 24. ఇది ఊరికే చెప్పడం లేదు. 2011 ప్రాంతం నుంచి వస్తున్న డిస్కుల్లో చాలావాటికి అసలు సెక్టార్ 4096 బైట్లు, బయటికి మాత్రం 512 చొప్పున ఎనిమిది ముక్కలుగా చూపిస్తాయి. అందుకే పెండింగ్ చాలాసార్లు 8, 16, 24 అని ఎనిమిదేసి చొప్పున పెరుగుతుంది. నీది కూడా అలాంటి డిస్కే అయితే నిజంగా ఇబ్బంది పెడుతున్నవి మూడే చోట్లు. కంగారు పడకు. అలాగని ఇంకో గంట కూడా దాన్ని మామూలుగా వాడకు.

చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ కొడితే ఏం జరుగుతుందంటే, అది డిస్క్ మొత్తాన్ని చదువుతుంది, చదవలేని చోట మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, రేకు మీద రాసి చదివే హెడ్ నీరసంగా ఉంటే ఆ పనికే పూర్తిగా పోవచ్చు. పైగా దాని పని ఫైల్ సిస్టమ్‌ని, అంటే ఫైళ్ల అమరికని, నిలబెట్టడం, నీ ఫోటోల్ని కాపాడడం కాదు. లెక్క కుదరని ఫైళ్లని కత్తిరించి, ఫౌండ్ అన్న ఫోల్డర్‌లో పేరూ ఊరూ లేని ముక్కలుగా పడేస్తుంది. అసలు డిస్క్ మీదే ఇదంతా చేస్తుంది, వెనక్కి తీసుకునే దారి లేదు.

కాబట్టి ముందు కాపీ. డిస్క్‌ని ఆపెయ్. అంతకంటే పెద్ద డిస్క్ ఒకటి కొను. పెన్‌డ్రైవ్ నుంచి లైనక్స్ బూట్ చేసి డీడీ రెస్క్యూ నడుపు, ఉచితమే. మామూలు కాపీ పేస్టుకీ దీనికీ తేడా ఏంటంటే, చెడ్డ చోటు తగిలితే అక్కడే తల బాదుకోకుండా దాటేసి, ముందు బాగున్నదంతా తెచ్చేస్తుంది, కష్టమైనవాటిని చివరికి ఉంచుకుంటుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా అక్కడి నుంచే మొదలవుతుంది, మన ఎండాకాలానికి ఇది ఎంత మేలో చెప్పక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: ఏది పాత డిస్క్, ఏది కొత్త డిస్క్ అన్నది సైజు, సీరియల్ నంబర్ చూసి రెండుసార్లు సరిచూసుకో. తారుమారు చేస్తే ఖాళీ డిస్క్‌ని ఫోటోల మీద పరిచేసినట్టవుతుంది.

మెహిదీపట్నం:
అక్క చెప్పింది వినండి భయ్యా, ఇది నా ఇంట్లో జరిగింది. ఒక షాపులో నా డిస్క్‌కి రాత్రంతా చెక్‌డిస్క్ నడవనిచ్చారు. సాయంత్రం ఇచ్చేటప్పుడు ఫైళ్లు మెల్లగానైనా తెరుచుకుంటున్నాయి. పొద్దున వెళ్లేసరికి టిక్, టిక్, టిక్, కాసేపు ఆగి మళ్లీ టిక్. బయోస్‌లో డిస్క్ పేరే లేదు. మా అమ్మ గొంతుతో ఉన్న రికార్డింగులు అందులో ఉండేవి. అమ్మ ఇప్పుడు లేదు.

పార్క్‌లేన్ మెకానిక్:
చాలా బాధేసింది తమ్ముడూ. వసంతమ్మా, బ్యాకప్ లేదన్న మాట నేను సరిగా చదవలేదు, తప్పు నాదే. డేటా ముందు తీయాలి, అందులో వాదన లేదు. కానీ తీశాక ఆ డిస్క్‌ని పారేయాలన్నదానికి మాత్రం ఒప్పుకోను. టిక్ టిక్ శబ్దం వచ్చేది వేరు, సౌండ్ లేకుండా మూడు చోట్ల చదవలేకపోయేది వేరు. రెంటికీ ఒకే మందు ఇస్తే ఎలా?

తార్నాక వసంతం:
ఒకే మందు అనడం లేదండీ. గూగుల్ ఇంజనీర్లు 2007లో లక్షకు పైగా డిస్కుల మీద చేసిన అధ్యయనం ఉంది. స్కాన్‌లో మొదటి లోపం బయటపడిన డిస్క్, లోపం లేనివాటికంటే తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం 39 రెట్లు ఎక్కువని తేలింది. 39 రెట్లు! అది తెలిసీ అందులో ఏం పెడతాం?

పార్క్‌లేన్ మెకానిక్:
అదే పేపర్‌లో ఇంకో సంగతి కూడా ఉంది. రీఅలొకేషన్, అంటే స్పేర్ సెక్టార్లు వాడుకోవడం, మొదలైన డిస్కుల్లో ఎక్కువ భాగం ఎనిమిది నెలల తర్వాత కూడా నడుస్తూనే ఉన్నాయి. పోయిన డిస్కుల్లో సగానికి పైగా ఇలాంటి ముఖ్యమైన హెచ్చరికలు ఒక్కటీ ఇవ్వకుండానే పోయాయి. అంటే మంచి డిస్క్ అని నమ్మి కూర్చున్నవాడు కూడా మునుగుతాడు. సినిమాలు, పాటలు, మళ్లీ దొరికే సరుకు పెట్టుకోవడానికి ఆ డిస్క్ ఎందుకు పనికిరాదు? కొత్తది కొనలేనివాళ్లు రోజూ నా కౌంటర్ దగ్గరికి వస్తారమ్మా.

నాచారం:
సీ7 వరస, అంటే కేబుల్ దారిలో వచ్చే డేటా తప్పుల లెక్క, కూడా చూడండి. అది పెరుగుతుంటే సాటా కేబుల్ లూజు అయ్యుండొచ్చు. అయితే పెండింగ్‌కి కేబుల్ కారణం కాదు.

మల్కాజ్‌గిరి:
జిప్‌లాక్ కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచితే పనిచేస్తుందని విన్నాను?

తార్నాక వసంతం:
వద్దు, దయచేసి వద్దు. బయటికి తీయగానే లోపల తేమ పడుతుంది. హెడ్‌కీ రేకుకీ మధ్య సందు కొన్ని నానోమీటర్లే, వెంట్రుక మందంలో వేలవంతు కూడా ఉండదు. అక్కడ నీటిబొట్టు పడితే రేకు గీసుకుపోతుంది. టిక్ శబ్దం వస్తుంటే కరెంటు తీసేసి, దుమ్ము లేని క్లీన్ రూమ్ ఉన్న రికవరీ వాళ్లకి ఇవ్వడమే.

ఉప్పల్‌వాసి:
అందరికీ థ్యాంక్స్. 2 టీబీ డిస్క్ కొని శనివారం రాత్రి డీడీ రెస్క్యూ మొదలుపెట్టాను. మొదటి విడత ఆరు గంటల్లో అయిపోయింది, మధ్యలో ఒకసారి కరెంటు పోయింది, మ్యాప్ ఫైల్ వల్ల ఆగిన చోటి నుంచే నడిచింది. చివరికి రానిది 8 కేబీ, అంటే రెండు చోట్లు. మూడోది ఆఖరి ప్రయత్నంలో చదివేసింది. ఒక్క ఫోటో మాత్రం దెబ్బతింది. అక్క పెళ్లిలో నానమ్మ కూర్చుని ఉన్నది, పైన ముఖం వరకు బాగానే వచ్చింది, భుజాల కింద నుంచి అంతా బూడిద రంగు.

ఆ తర్వాత పాత డిస్క్‌కి మెకానిక్ అన్న చెప్పినట్టు ఫుల్ ఫార్మాట్ చేశాను. సీ5 సున్నా అయింది, 05 కూడా సున్నాలోనే ఉంది. అంటే రేకు బాగానే ఉన్నట్టా?

పార్క్‌లేన్ మెకానిక్:
ఉన్నట్టే. స్పేర్ ఒక్కటీ వాడుకోలేదు చూడు, కరెంటు దెబ్బే అది. యూపీఎస్ పెట్టుకో.

తార్నాక వసంతం:
ఒక నెల ఆగి, ఇంకోసారి మొత్తం రాసి చదివించి, అప్పుడు ఆ రెండు వరసలు చూసి చెప్పు. పెరిగితే నా మాట, పెరగకపోతే ఆయన మాట. ఏదేమైనా ఫోటోలకి మాత్రం ఇంకో కాపీ తీసి అక్క వాళ్లింట్లో పెట్టు.

ఉప్పల్‌వాసి:
రెండో కాపీ నిన్ననే తీశాను. ఆ సగం ఫోటో ప్రింట్ అక్క పెళ్లి ఆల్బమ్‌లో ఉందట, ఆదివారం వెళ్లి స్కాన్ చేసుకొస్తాను.