మరదలికి ఎనిమిదో నెల, ఇమిగ్రేషన్ భయంతో తమ్ముడు ఆసుపత్రికి తీసుకెళ్లడం లేదు

గాజువాక అక్క:
తమ్ముడు టెక్సాస్‌లో ఉంటాడు. హెచ్1బి వీసా మీద చేసే ఉద్యోగం పోయింది, ఆ తర్వాత ఇచ్చే 60 రోజుల గడువూ దాటిపోయింది. రాత్రి వీడియో కాల్‌లో మరదలు కాళ్లు చూపించింది, చెప్పులు పట్టనంత వాపు, వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతోంది. బీపీ 152/98. డాక్టరు దగ్గరికి వెళ్లరా అంటే "ఆసుపత్రుల్లోకి కూడా ఐసీఈ వాళ్లు, అదే ఇమిగ్రేషన్ పోలీసులు, వస్తున్నారంట అక్కా, నొప్పులొచ్చాక చూద్దాం" అంటున్నాడు. అమ్మకి ఇంకా చెప్పలేదు, ఒకటే టెన్షన్. అక్కడ ఉన్నవాళ్లెవరైనా చెప్పండి ప్లీజ్.

హ్యూస్టన్ నర్సు, సీతమ్మధార:
అక్కా, ముందు బీపీ సంగతి. ఆ అంకె, ఆ వాపు చూశాక ఆగకూడదు, ఇప్పుడే బయల్దేరమనండి. మన పెద్దవాళ్లు గుర్రపువాతం అనేవారు చూడండి, బీపీ పెరిగి ఫిట్స్ రావడం, దానికి దారితీయొచ్చు. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, వీటిలో ఏది ఉన్నా 911కి ఫోన్ చేయాలి. ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లని పరీక్షించి, కుదుటపడేదాకా చూడాల్సిందేనని 1986 నుంచీ ఎంటాలా అనే చట్టం ఉంది, వీసా ఉందా డబ్బుందా అన్నదానితో పని లేదు. టెక్సాస్ ఆసుపత్రుల్లో 2024 నవంబర్ నుంచి ఇమిగ్రేషన్ స్టేటస్ అడుగుతున్నారు, అది నిజమే, కానీ జవాబు చెప్పకపోయినా వైద్యం ఆగదు.

ఎంవీపీ కాలనీ:
మీ తమ్ముడి భయం ఉత్తిదేం కాదండి. ఆసుపత్రులు, స్కూళ్లు, చర్చిల జోలికి సాధారణంగా వెళ్లకూడదని 2011లో ఐసీఈ వాళ్లే నియమం పెట్టుకున్నారు, 2021లో దాన్ని ఇంకా పెంచారు, 2025 జనవరిలో తీసేశారు. అయినా లాబీ వేరు, పేషెంట్ గది వేరు. జడ్జి సంతకం పెట్టిన వారెంట్ లేకపోతే గదుల్లోకి ఆసుపత్రి రానివ్వక్కర్లేదు, ఐసీఈ అధికారి సంతకంతో ఉన్న కాగితం దానికి చాలదు. కాలిఫోర్నియా 2025లో దీన్నే చట్టం చేసింది, అన్ని రాష్ట్రాలూ చేయాలి.

ఆరిలోవ:
గడువు దాటితే వచ్చేయాలి కదా. రూల్ రూలే.

హ్యూస్టన్ నర్సు, సీతమ్మధార:
రూల్ సంగతి చూసుకోవడానికి ఇమిగ్రేషన్ కోర్టులున్నాయి, పురుడు పోసే గది ఎందుకు? మన విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి పాడేరు నుంచీ, ఒడిశా నుంచీ కాన్పు కేసులొస్తాయి. గేటు దగ్గర పోలీసులు నిలబడి కాగితాలు అడుగుతారని తెలిస్తే ఎంతమంది ఇంట్లోనే ఉండిపోతారో ఆలోచించండి. అలా ఉండిపోతే తల్లీబిడ్డా ఇద్దరికీ ప్రమాదమే.

గాజువాక అక్క:
మీ మెసేజ్‌లన్నీ వాడికి పంపాను, బయల్దేరారు. తను కారులోనే ఉంటానంటున్నాడు, మరదల్ని ఒక్కదాన్నే పంపుతాడంట. ఏం చెప్పమంటారు?

హ్యూస్టన్ నర్సు, సీతమ్మధార:
పార్కింగ్‌లో, లాబీలో కూర్చోవడం కంటే గదిలో ఆమె పక్కన ఉండటమే మేలు. ఇమిగ్రేషన్ లాయర్ నంబర్ ఇద్దరి దగ్గరా కాగితం మీద రాసి ఉంచుకోమనండి. ఎవరైనా వచ్చి ఏదైనా అడిగితే తాను సంతకం పెట్టకుండా నర్సుని పిలవమనండి.