మంచుకు గాలమా, మంచులో గాలమా?

ఎప్పుడో చదివిన చైనా పద్యం వారంగా బుర్ర తొలుస్తోంది. తాంగ్ కాలపు కవి లియూ జోంగ్‌యువాన్‌ది. కొండల మీద పిట్ట లేదు, దారుల్లో అడుగుజాడ లేదు, ఒక్క పడవ, గడ్డి టోపీ ముసలాయన. ఆఖరి పాదంలో ఆయన చలి ఏటి మంచుకు గాలం వేశాడా, మంచులో వేశాడా?

— మంచుకే. మూలంలో ఉన్నవి ఐదే మాటలు: ఒంటరి, గాలం, చలి, ఏరు, మంచు. "లో" మనం తగిలించిందే.

— "కు" కూడా మనం తగిలించిందే కదండీ! చైనా పద్యంలో చోటు కూడా క్రియ వెనక అలాగే నిలబడుతుంది. ఈ కవి 805లో కొలువు పోయి దక్షిణాదిన యోంగ్‌జోవ్‌లో పదేళ్లు మగ్గినవాడు. ఎముకలు కొరికే చలిలో కదలకుండా కూర్చున్న మనిషి నాకు కావాలి, చమత్కారం కాదు.

— విభక్తి సంగతి అలా ఉంచి, ప్రాస చెవిన పడిందా? పాదాల చివర జ్వే, మ్యే, ష్వే. మూడూ ఒకప్పుడు "త్" దగ్గర టక్కున ఆగిన మాటలు. బీజింగ్ నోట ఆ పొల్లు రాలిపోయింది. దక్షిణ చైనా భాష కాంటనీస్‌లో ఇప్పటికీ జ్యుత్, మిత్, స్యుత్. అచ్చుతో ముగిసే మాటలకు (అజంతాలకు) అలవాటుపడ్డ మన చెవికి ఇది తొందరగా పట్టదు. చైనా కవిత్వ పండితురాలు యె జియాయింగ్ గారు బీజింగ్‌లో పుట్టి కూడా, పద్యం చదివేటప్పుడు ఇలాంటి అక్షరాలను పొట్టిగా, కిందికి తుంచి పలికేవారు. వాంకూవర్‌లో, 1979 నుంచి తియాన్‌జిన్ నాన్‌కాయ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, 2024లో నూరేళ్లు నిండాక పోయారు. ఆవిడ గొంతులో వినండి, మంచు కురవదు, విరుగుతుంది.

— ఆవిడ పేరెత్తారు కనుక తాంగ్ కాలపు మరో కవి దూ ఫు గుర్తొచ్చాడు. ఆయన శరత్తు పద్యాలు ఎనిమిదింటికీ పాత వ్యాఖ్యానాలన్నీ ఆవిడ ఒకచోట చేర్చారు. ఎనిమిదోదాంట్లో చిలక పాదం ఉంది చూశారూ, మాటల వరుసలో "పరిమళపు వరి, పొడిచి మిగిల్చిన, చిలక గింజలు". చిలకను ముందుకు తెచ్చి సరిచేస్తే పిట్ట తిండి కబురు మిగులుతుంది, తాంగ్ రాజధాని చాంగాన్ పంటల కలిమి జారిపోతుంది. వరుసను కదపకూడదని ఆవిడ వాదన. ఇక్కడా అంతే, మంచు మీద చెయ్యి వేయకండి.

— దూ ఫు ఎనిమిది పాదాల కట్టడం వేరు మాస్టారూ, ఇది ఇరవై అక్షరాలు. నాలుగు పాదాల తొలి అక్షరాలు కలిపి చదవండి: వేయి, పదివేలు, ఏకాకి, ఒంటరి. చివరి రెండూ కలిస్తే ఏకాంతం. నన్ను పట్టుకున్నది అదీ.

— మేడమ్, ఇన్నేళ్లూ ఆ నిలువు వరుస చూడనే లేదు!

— మాస్టారూ, చిలక కింది పాదంలో ఫీనిక్స్ పిట్ట కూడా ఉండాలి కదా? అదీ మాటల వరుసలోనే పెట్టరూ.