‘సిగ్నల్ పడింది’ అంటే రైలు ఆగినట్టా, కదిలినట్టా?

ప్రశ్న: రైళ్ల గురించి పిల్లల కోసం రాసిన ఒక వ్యాసాన్ని తెలుగులోకి తెస్తున్నాను. ప్లాట్‌ఫారం చివర ఉండే స్టాప్ సిగ్నల్‌నూ, ఇంజను సరిగ్గా ఎక్కడ ఆగాలో డ్రైవరుకు చూపే స్టాప్ బోర్డునూ నేను ‘ఆగు గుర్తు’ అనే రాశాను. ‘సిగ్నల్ పడింది’ అన్న నా వాక్యాన్ని చదివిన ఇద్దరిలో ఒకరు రైలు బయలుదేరిందని అనుకున్నారు, మరొకరు ఆగిపోయిందని అనుకున్నారు. సభ్యులు దయచేసి సరైన మాట సూచించగలరు.

జవాబు: మీ పాఠకులిద్దరూ సరిగ్గానే చదివారండీ. చిక్కంతా ‘పడు’ అనే క్రియలో ఉంది.

1840ల తొలినాళ్లలో ఇంగ్లండు రైలుమార్గాల మీదకు వచ్చిన సెమాఫోర్, పేరుకు తగ్గట్టే ‘గుర్తును మోసేది’. గ్రీకులో ‘సేమా’ అంటే గుర్తు, ‘ఫోరోస్’ అంటే మోసేది. స్తంభానికి బిగించిన చెయ్యి అడ్డంగా చాచి ఉంటే ఆగాలని అర్థం. కేబిన్‌లో లివరు లాగినప్పుడు తీగ బిగుసుకుని, ఆ చెయ్యి టక్కున కిందికి వాలితే ముందుకు వెళ్లవచ్చని అర్థం. ప్లాట్‌ఫారం మీద మెడ చాచి చూస్తున్నవారు ‘సిగ్నల్ పడింది’ అన్నది కళ్లముందు వాలిన ఆ చేతిని చూసే. అందుకే పాతతరం వారికి ఆ మాట వినగానే సామాను సర్దుకోవాలని తోస్తుంది.

అయితే చెయ్యి అన్నిచోట్లా కిందికే వాలదు. 1876 జనవరిలో ఇంగ్లండులోని అబట్స్ రిప్టన్ దగ్గర, మంచు పేరుకుని సిగ్నల్ చేతులు ‘వెళ్లవచ్చు’ అనే స్థితిలోనే ఇరుక్కుపోవడం వల్ల ఘోరమైన ప్రమాదం జరిగింది. వాలిన చేతిని తిరిగి పైకి లేపడానికి బరువులో, మరో ఏర్పాటో కావాలి. అదే పైకి లేచే చెయ్యి అయితే, తీగ తెగినా తన బరువుతో తానే ‘ఆగు’ స్థితికి దిగివస్తుంది. తరువాతి కాలంలో చాలా రైల్వేలు ఈ రెండో రకానికి మారాయి. అక్కడ దారి ఇచ్చినప్పుడు సిగ్నల్ లేస్తుంది, ఆపవలసినప్పుడే పడుతుంది! మన నుడికారం మాత్రం మొదటి రకం స్తంభం దగ్గరే నిలిచిపోయింది. రంగుదీపాలు వచ్చాక ‘పడు’కు ‘వెలుగు’ అనే అర్థం కూడా చేరి ‘రెడ్ పడింది’, ‘గ్రీన్ పడింది’ అనే వాడుక స్థిరపడింది కనుక, ఇప్పుడు రంగు చెప్పకుండా ‘సిగ్నల్ పడింది’ అని రాస్తే అర్థం రెండు వైపులా లాగుతుంది. పిల్లల కోసం రాసేటప్పుడు రంగు చెప్పడమే మేలు.

ఇక ‘ఆగు గుర్తు’ సంగతి. సిగ్నల్ చెప్పేది అనుమతి గురించి, బోర్డు చెప్పేది చోటు గురించి. ప్లాట్‌ఫారం చివర పచ్చదీపం వెలుగుతున్నా, టైంటేబుల్లో ఆ స్టేషను ఉంటే డ్రైవరు ఆపి తీరాలి. ఎక్కడ ఆపాలో చూపేది బోర్డే. జర్మనీలో దాని మీద ‘హెచ్’ అనే అక్షరం ఉంటుంది, రైలు ముందు భాగం అక్కడ నిలవాలి. బ్రిటన్‌లో బోగీల సంఖ్య రాస్తారు. రైలు ఎంత పొడవున్నా అక్కడే ఆపాలంటే ‘ఎస్’ అని రాస్తారు. ఎనిమిది బోగీల రైలును నాలుగు అంకె దగ్గర ఆపితే, వెనక తలుపు తీసిన ప్రయాణికుడి కాలికింద ప్లాట్‌ఫారం బదులు కంకర ఉంటుంది.

తెలుగులో ఈ తేడా చూపడానికి వ్యాకరణమే సాయపడుతుంది. దిగు–దింపు, తిరుగు–తిప్పు లాగే ఆగు–ఆపు, నిలుచు–నిలుపు జంటలు. రైలు ఆగుతుంది, డ్రైవరు ఆపుతాడు. బోర్డు డ్రైవరుతో మాట్లాడుతుంది కాబట్టి ‘ఆపు బోర్డు’ అనవచ్చు, కానీ ఒంటరిగా నిలిచిన ‘ఆపు’ కసురుకున్నట్టు వినిపిస్తుంది. హారన్ కొట్టడం ఆపమన్నారేమో అనిపించినా ఆశ్చర్యం లేదు. నా ఓటు ‘నిలుపు బోర్డు’కు. ‘పలక’ అనే మాట నాకూ ఇష్టమే కానీ, పిల్లలకు పలక అంటే బలపం గుర్తుకొస్తుంది.

మళ్లీ ప్రశ్న: వివరణకు కృతజ్ఞతలు. ‘హాల్టు’ అందరికీ తెలిసిన మాట కదా, ‘హాల్టు బోర్డు’ అంటే సరిపోదా?

జవాబు: ‘హాల్టు’ మన వాడుకలో చిన్న స్టేషనుకు పేరుగా స్థిరపడింది. ‘ఈ రైలుకు అక్కడ హాల్టు లేదు’ అన్నప్పుడు ఆగే ఏర్పాటును కూడా సూచిస్తుంది. అందువల్ల ‘హాల్టు బోర్డు’ అంటే ఊరి పేరు రాసిన బోర్డని అనుకునే అవకాశం ఎక్కువ. సిగ్నల్‌ను సిగ్నల్‌గానే ఉంచి, మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘ఎదురుగా గ్రీన్ పడే ఉంది. అయినా దిగవలసినవారు ఉన్నారు కనుక, డ్రైవరు వేగం తగ్గించి, ఎనిమిది అంకె ఉన్న నిలుపు బోర్డు తన కిటికీకి పక్కగా వచ్చేదాకా నడిపి రైలును ఆపాడు.’