క్రూయిజ్‌కు ఏ బట్టలు, ఎంత టిప్పు?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మేము అమెరికా వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. వచ్చే నెల మయామి నుంచి ఏడు రాత్రుల కరీబియన్ క్రూయిజ్‌కు వెళ్తున్నాం. నేను, నా భార్య, తొమ్మిదేళ్ల అమ్మాయి, నాలుగేళ్ల అబ్బాయి. టికెట్ల డబ్బు కట్టేశాం. ఇప్పుడు వచ్చిన మెయిల్‌లో రెండు రోజులకు ఎదురుగా ‘ఫార్మల్ నైట్’ అని ఉంది. దాని కింద ‘గ్రాట్యుటీ’ పేరుతో ఇంకో మొత్తం కనిపిస్తోంది. నాకు సూటు లేదు. కొనాలా? ఆ గ్రాట్యుటీ కట్టేస్తే ఇక ఎవరికీ ఏమీ ఇవ్వనక్కర లేదా? వెళ్లి వచ్చినవారు దయచేసి చెప్పండి.

జవాబు

సూటు కొనకండి. మిగిలినది తీరిక ఉంటే చదవండి.

ఫార్మల్ నైట్ అనగానే ఆ రాత్రి ఓడంతా పెళ్లివారి విడిదిలా ఉంటుందని బెంగపడకండి. వేడుకకు తగ్గట్టు ముస్తాబై రావాలన్న ఆ నియమం ప్రధాన భోజనశాలకూ, ఒకటి రెండు ఖరీదైన రెస్టారెంట్లకూ పరిమితం. పై డెక్కు మీద బఫేలో ఆ రాత్రి కూడా మామూలు బట్టలతో హాయిగా తినవచ్చు. నాలుగేళ్ల పిల్లవాడు ఉన్నాడు కాబట్టి, మీరు అనుకున్నదానికంటే ఎక్కువసార్లే అక్కడ తేలతారు.

ఎంత ఖచ్చితంగా పాటిస్తారన్నది ఓడ సంస్థను బట్టి ఉంటుంది. క్యూనార్డ్ వారి ‘గాలా’ అనే ఫార్మల్ రాత్రుల్లో మగవారు డిన్నర్ జాకెట్ గానీ ముదురు రంగు సూటు గానీ వేసుకుని, బో టై గానీ మామూలు టై గానీ కట్టుకోవాలి. అక్కడ దాన్ని సరదాగా తీసుకోరు. నార్వేజియన్‌లో తప్పనిసరి ఫార్మల్ రాత్రి అంటూ లేదు. మయామి నుంచి బయలుదేరే పెద్ద ఓడల్లో చాలావరకు ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి. కార్నివాల్‌లో అది ‘ఎలిగెంట్’ రాత్రి, సెలబ్రిటీలో ‘ఈవెనింగ్ చిక్’. ఇలాంటి చోట్ల కాలరున్న చొక్కా, పొడుగు ప్యాంటు, శుభ్రమైన బూట్లు ఉంటే ఎవరూ ఆపరు. కోటు వేసుకుంటే బాగుంటుంది, లేకపోతే కొంప మునగదు. మీ సంస్థ వెబ్‌సైటులో దుస్తుల గురించి ఒక పేజీ ఉంటుంది. నా మాటకంటే ఆ పేజీ మాటే చెల్లుతుంది.

చీర కట్టుకోవచ్చా అని చాలామంది అడగలేక ఊరుకుంటారు. నిక్షేపంగా కట్టుకోవచ్చు. క్యూనార్డ్ వంటి పట్టింపు ఉన్న సంస్థే ఎవరి దేశపు వేడుక దుస్తులు వారు వేసుకోవచ్చని నియమాల్లో చెబుతుంది. మీకు షేర్వానీ ఉంటే అది సూటుకు ఏమాత్రం తీసిపోదు. ఒక్క జాగ్రత్త: ఓడ ఊగుతుంది. మెట్ల మీద కుచ్చిళ్లు కాలికి అడ్డం పడతాయి, సన్నని మడమ చెప్పులైతే మరీ ప్రమాదం. లిఫ్టు కోసం రెండు నిమిషాలు ఆగడం మేలు.

పగటి పూట ఎవరినీ ఎవరూ పట్టించుకోరు. నిక్కర్లు, టీషర్టులు, ఈత దుస్తులు అన్నీ నడుస్తాయి. కాకపోతే తడి ఈత దుస్తులతో, చెప్పుల్లేని కాళ్లతో తినే చోటికి రానివ్వరు. పిల్లలకు పైన వేసుకునే పొడి చొక్కా ఒకటి ఎప్పుడూ సంచీలో ఉంచండి. కరీబియన్ కదా అని పల్చటి బట్టలే సర్దుకుంటే థియేటరులో వణుకుతారు, అక్కడ ఏసీ అంత గట్టిగా ఉంటుంది. రాత్రిపూట డెక్కు మీద గాలి కూడా తక్కువేమీ కాదు. తలా ఒక స్వెటరు తప్పదు.

ఇది మాత్రం గుర్తు పెట్టుకోండి. సైనికుల దుస్తుల్లాంటి ఆకుపచ్చ మచ్చల బట్టలు ఇంట్లోనే వదిలేయండి. బార్బడోస్, జమైకా, సెయింట్ లూసియా, ఆంటిగ్వా, ట్రినిడాడ్ వంటి దేశాల్లో సైన్యానికి తప్ప ఇంకెవరికీ వాటిని చట్టం ఒప్పుకోదు. అక్కడ చిన్నపిల్లల టోపీకి కూడా మినహాయింపు లేదు. మీ అబ్బాయికి అలాంటి నిక్కరు ఉండే ఉంటుంది, ఆ వయసు పిల్లలందరికీ ఉంటుంది.

ఇస్త్రీ పెట్టె కూడా వద్దు. నిప్పు భయంతో కేబిన్లోకి రానివ్వరు. తనిఖీలో తీసి పక్కన పెట్టి, దిగేటప్పుడు ఇస్తారు. నలగని బట్టలు చూసి సర్దుకోండి.

మరో జవాబు

బట్టల సంగతి పైన వచ్చేసింది కాబట్టి నేను డబ్బు గురించే రాస్తాను. మనవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే.

గ్రాట్యుటీ అంటే టిప్పే. పాత రోజుల్లో ఆఖరి రాత్రి టిప్పుల కవర్లు పంచేవారు. గది చూసుకున్న స్టివార్డుకు ఒకటి, భోజనం వడ్డించినవారికి ఒకటి, వారి సహాయకుడికి ఒకటి. ఇప్పుడు పెద్ద సంస్థలన్నీ దాన్ని తలకు రోజుకు ఇంత అని లెక్కగట్టి మీ ఖాతాలో వేస్తున్నాయి. అమెరికా నుంచి నడిచే పెద్ద ఓడల్లో మామూలు గదికి అది సుమారు 16 నుంచి 20 డాలర్ల మధ్య ఉంటుంది, స్వీట్ అనే పెద్ద గదులకు ఇంకొంచెం ఎక్కువ. పిల్లలకూ సాధారణంగా పూర్తి మొత్తమే. 2 లేదా 3 ఏళ్లలోపు పసివారిని మాత్రం చాలా సంస్థలు వదిలేస్తాయి. మీ అబ్బాయి ఆ గీత దాటేశాడు. రోజుకు 18 డాలర్లు అనుకుంటే నలుగురికి ఏడు రోజులకు 504 డాలర్లు. టికెట్టు కొనేటప్పుడు పెద్ద అక్షరాల్లో కనిపించిన ధరలో ఇది సాధారణంగా ఉండదు. బడ్జెట్ వేసుకున్నప్పుడు ఇది కలుపుకోకపోతే ఇప్పుడు కలుపుకోండి.

ముందే కట్టేయాలా, ఓడ మీద రోజురోజుకు పడనివ్వాలా అంటే, ముందే కట్టేయమంటాను. ఈ రేట్లు అప్పుడప్పుడు పెరుగుతుంటాయి. ముందు కట్టినవారికి సాధారణంగా పాత రేటే వర్తిస్తుంది. పైగా ఆఖరి రోజు బిల్లు చూసి గుండె గుభేలుమనదు.

ఆ డబ్బు మీకు కనిపించే ఇద్దరు ముగ్గురికే పోదు. భోజనశాల, గదులవారితో పాటు వంటగదిలో, లాండ్రీలో, తెర వెనుక పనిచేసేవారిలో కొందరికీ అందులో వాటా ఉంటుంది. ఆ పనివాళ్లలో ఎక్కువమంది ఫిలిప్పీన్స్, ఇండొనేషియా, భారత్ వంటి దేశాలవారు. ఆరు నుంచి తొమ్మిది నెలల కాంట్రాక్టు, వారానికి ఏడు రోజులూ పని. ఓడలు బహామాస్, పనామా, బెర్ముడా, మాల్టా జెండాల కింద నమోదవుతాయి కాబట్టి మయామిలో హోటల్ పనివాడికి వర్తించే కనీస వేతనం వీరికి వర్తించదు. 2006 నాటి అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందం రోజుకు కనీసం 10 గంటల విశ్రాంతి ఇవ్వాలంటుంది. అంటే వారం మొత్తానికి వేరే పరిమితి ఉన్నా, ఒక్క రోజులో 14 గంటల దాకా పని చేయించుకోవచ్చు. ఆ జీతంలో పెద్ద భాగం ప్రయాణికులిచ్చే ఈ సొమ్మే. సంస్థ తన జేబులోంచి ఇవ్వవలసినది మన చేత ఇప్పిస్తోందని మీకు అనిపిస్తే, నాకూ అలాగే అనిపిస్తుంది. అయినా ఆ కోపం స్టివార్డు మీద చూపించేది కాదు.

అన్ని చోట్లా పద్ధతి ఒకటే కాదు. బ్రిటన్‌కు చెందిన పీ అండ్ ఓ సంస్థ 2019లో ఈ రుసుమును ఎత్తేసి టికెట్టు ధరలోనే కలిపేసింది. రీజెంట్, సీబోర్న్, సిల్వర్సీ వంటి విలాసవంతమైన ఓడల్లోనూ టిప్పులు టికెట్టులోనే ఉంటాయి. ఎంఎస్‌సీ, కోస్టా దీన్ని హోటల్ సేవా రుసుము అంటాయి. మీ ప్రయాణం మయామి నుంచి కాబట్టి పైన చెప్పిన లెక్కే మీది.

ఇంకొక జవాబు

నేను కొంచెం విభేదిస్తాను. ఓడ ఎక్కిన రెండో రోజే కౌంటరుకు వెళ్లి ఆ రుసుము తీసేయించుకోవచ్చు. మా స్నేహితులు ఎప్పుడూ అలాగే చేస్తారు. నచ్చినవారి చేతిలో నోటు పెడితే వారికే నేరుగా అందుతుంది కదా? తెర వెనుక ఎవరికి ఎంత పోతుందో మనకెవరు చెప్పారు?

మరో జవాబు రాసినవారు మళ్లీ

తీసేయించుకోవడం చాలా సంస్థల్లో కుదురుతుంది, నిజమే. కొన్ని సంస్థల్లో ఎంత అడిగినా కుదరదు. కానీ చేతికి ఇస్తే వారికే మిగులుతుందన్నది అన్నిచోట్లా నిజం కాదు. మీరు రుసుము తీసేయించారని ఓడవారికి తెలుస్తుంది. అలాంటి గదినుంచి వచ్చిన నగదును పనివాళ్లు ఉమ్మడి ఖాతాలో జమచేయాలన్న నియమం కొన్నిచోట్ల ఉంది. మీరు స్టివార్డుకు ఇచ్చాననుకుంటారు, అది గుంపులోకి పోతుంది. లాండ్రీలో మీ తువ్వాళ్లు ఉతికినవాడు మీకు ఎప్పటికీ కనిపించడు, అతని చేతిలో నోటు ఎలా పెడతారు?

పైగా, ఒక్క మాట గట్టిగానే అంటాను. 504 డాలర్లు తీసేయించినవారిలో 504 డాలర్లు నగదుగా పంచినవారిని నేను చూడలేదు. 40 డాలర్లు పంచి, మిగతాది ఆదా అయిందని చెప్పుకున్నవారిని చూశాను. సేవ నిజంగా బాగా లేకపోతే ఆ రోజే కౌంటరులో ఫిర్యాదు చేయండి, సరిదిద్దుతారు. ఆఖరి రోజున వరుసలో నిలబడి ఏమీ చెప్పకుండా కోత పెట్టించడం నాకు నచ్చదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. రుసుము ఇప్పుడే కట్టేస్తాం. సూటు ఆలోచన మానేశాను, మా ఆవిడ మాత్రం చీర పెట్టెలో పెట్టేసింది. ఇంకొకటి: రుసుము కట్టాక నగదు ఏమైనా తీసుకెళ్లాలా? ఎంత?

మొదటి జవాబు రాసినవారు

తీసుకెళ్లండి, కానీ చిన్న నోట్లే. ఒక డాలరు, ఐదు డాలర్ల నోట్లు కలిపి 60 నుంచి 80 డాలర్లు ఉంటే మీ కుటుంబానికి సరిపోతుంది. ఓడలో అన్ని ఖర్చులూ మీ గది కార్డు మీదే నడుస్తాయి, నగదు టిప్పులకు తప్ప పనికిరాదు. చిల్లర నాణేలు ఇవ్వకండి, వేరే దేశంలో వాటిని మార్చుకోవడం వాళ్లకు కష్టం.

ఆ నగదుకు మొదటి ఖర్చు ఓడ ఎక్కకముందే వస్తుంది. రేవులో పెట్టెలు తీసుకునేవారు ఓడ ఉద్యోగులు కారు, రేవు కార్మికులు. మీరు కట్టిన రుసుములో వారికి పైసా వెళ్లదు. పెట్టెకు ఒకటి రెండు డాలర్లు ఇవ్వడం వాడుక. ఆ పెట్టెలు మీ గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు. అందుకని మందులు, పాస్‌పోర్టులు, పిల్లల ఈత దుస్తులు చేతిసంచీలో పెట్టుకోండి. లేకపోతే ఎదురుగా కొలను కనిపిస్తుంటే మీ అబ్బాయి మిమ్మల్ని నిలవనివ్వడు.

తర్వాతది ద్వీపాల్లో టూర్లు. ఓడ ద్వారానే బుక్ చేసినా గైడూ డ్రైవరూ బయటివారే. మంచిగా తిప్పి చూపించినవారికి దిగేటప్పుడు తలా రెండు మూడు డాలర్లు ఇస్తే సంతోషిస్తారు. కరీబియన్ రేవుల్లో డాలర్లు ఇబ్బంది లేకుండా తీసుకుంటారు. గదికి భోజనం తెచ్చినవారికి కూడా ఒకటి రెండు డాలర్లు ఇవ్వండి.

బారులో మాత్రం జేబులో చేయి పెట్టకండి. పానీయం ఏదైనా ధర మీద 18 లేదా 20 శాతం టిప్పు అప్పటికే వేసేస్తారు. రసీదు కింద ‘అదనపు టిప్పు’ అని ఒక ఖాళీ గీత ఉంటుంది. అమెరికా రెస్టారెంట్ల అలవాటులో దాన్ని చూసి మళ్లీ 20 శాతం రాసేస్తే రెండుసార్లు ఇచ్చినట్టే. గీత కొట్టి సంతకం పెట్టండి. స్పాలోనూ ఇదే లెక్క.

కెప్టెనుకు, అధికారులకు, వైద్యుడికి ఎవరూ టిప్పు ఇవ్వరు. ఇస్తే వారే ఇబ్బందిపడతారు. పిల్లల క్లబ్బు సిబ్బందిని కొన్నిచోట్ల తీసుకోనివ్వరు. వారి పేరు గుర్తుపెట్టుకుని ప్రయాణం చివర వచ్చే అభిప్రాయ పత్రంలో రాయండి. అలా పేరు పెట్టి రాసిన మాటకు వారి పై అధికారుల దగ్గర విలువ ఉంటుంది.

మీ స్టివార్డు పిల్లలతో బాగా ఉంటే, ఏనుగూ కోతీ ఆకారాల్లో తువ్వాళ్లు మడిచిపెట్టి వాళ్లను నవ్విస్తే, ఆఖరి రాత్రికి ముందే ఇరవయ్యో ముప్పయ్యో చేతికి ఇవ్వండి. ఆఖరి రాత్రి దాకా ఆగితే అతను పదులకొద్దీ గదుల పెట్టెల మధ్య పరుగెడుతుంటాడు, మీకు దొరకకపోవచ్చు.

పెట్టెలంటే ఇంకొకటి గుర్తొచ్చింది. దిగే ముందు రాత్రి పెద్ద పెట్టెలు తలుపు బయట పెట్టమంటారు, అవి రాత్రికి రాత్రే కిందికి వెళ్లిపోతాయి. మర్నాడు పొద్దున వేసుకునే జత, చెప్పులు తీసి పక్కన పెట్టుకున్నాకే తాళం వేయండి. రాత్రి దుస్తులతో కస్టమ్స్ వరుసలో నిలబడే కుటుంబం ప్రతి ఓడలోనూ ఒకటైనా ఉంటుంది.