అప్‌డేట్: 12 బోర్ తుపాకి గొట్టానికి పట్టిన తుప్పు, కిరోసిన్ సంగతి

లైసెన్స్ ఉన్న డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల) తుపాకిని కిరోసిన్‌తో తుడిచి తోలు కవర్‌లో పెట్టినా ఎర్రచుక్కలు ఎందుకొస్తున్నాయని అడిగాను కదా. మీ సలహాలు పాటించాక తేలింది ఇది.

కిరోసిన్ మసిని వదిలిస్తుంది, ఆరాక ఇనుముకు కాపు మాత్రం మిగల్చదు. డబ్ల్యూడీ-40 స్ప్రే తడిని తరుముతుంది గానీ పొర మరీ పల్చన. అసలు దొంగ తోలు కవరే. నవంబరు ముసురుకి మన చిత్తూరులో అది తేమ పీల్చి గొట్టానికే అంటిస్తుంది.

రెండు చాంబర్లూ (గొట్టంలో తూటా కూర్చునే చోట్లు) ఖాళీ అని కంటితో, వేలితో చూసుకున్నాకే గొట్టాలు విడదీయాలి. సాల్వెంట్ (మసిని కరిగించే ద్రవం) తడిపిన గుడ్డ ఆడించి 10 నిమిషాలు ఆగి, చాంబర్ వైపు నుంచి బ్రాంజ్ బ్రష్, తర్వాత పొడిగుడ్డ తెల్లగా వచ్చేదాకా. చాంబర్ దాటి గొట్టం సన్నబడే చోట ప్లాస్టిక్ వాడ్ (తూటాలో మందుకీ రవ్వలకీ మధ్య ఉండే ముక్క) మరక మొండిగా ఉంటుంది, అక్కడే ఎక్కువ రుద్దాలి. రాగి మరకలు వదిలించే, అమోనియా ఉన్న కాపర్ సాల్వెంట్ దండగ. మనం వాడేది సీసపు రవ్వలు, రాగి ఎక్కడిది?

చుక్కలకు నాలుగు సున్నాల (0000, చాలా సన్నని) స్టీల్ ఊల్, నూనెతో, మెల్లగా రుద్దాలి. చింతపండు, వెనిగర్ వద్దే వద్దు: తుప్పుతోపాటు నల్లపూతా పోతుంది.

చివర గన్ ఆయిల్ రెండు మూడు చుక్కలే. ఎక్కువైతే జారి చెక్క బట్‌లోకి ఇంకి దాన్ని మెత్తబరుస్తుంది. బీరువాలో తేమ పీల్చే సిలికా జెల్ పెట్టాను, తోలు కవర్ మాత్రం బీరువా బయటే.