అమోస్ సాయర్: దేశాధ్యక్షుడా, మన్రోవియా మేయరా?

నల్లరేగడి:
లైబీరియా చరిత్ర చదువుతూ ఒకచోట ఆగిపోయాను. అమోస్ సాయర్ రాజనీతి శాస్త్ర ప్రొఫెసర్, లైబీరియా యూనివర్సిటీలో డీన్‌గా చేసినవాడు. 1990లో అంతర్యుద్ధం నడుస్తుండగా, పార్టీలు, సంఘాల వాళ్లు గాంబియాలోని బాంజూల్‌లో కూర్చుని ఆయన్ని తాత్కాలిక అధ్యక్షుణ్ణి చేశారు. తిరుగుబాటు నాయకుడు చార్లెస్ టేలర్ వర్గం ఆ సమావేశానికే రాలేదు. పశ్చిమ ఆఫ్రికా దేశాల సేన ఎకోమాగ్ కాపలాలో 1994 మార్చి దాకా రాజధాని మన్రోవియాలో పాలించాడు. బయట చాలా భాగం టేలర్‌దే. ఈయన్ని దేశాధ్యక్షుడు అనొచ్చా? అనొచ్చనే నా వాదన.

ఊరగాయజాడీ:
అనలేం. 1979లో మన్రోవియా మేయర్ పదవికి ఇండిపెండెంట్‌గా దిగితే అధికార పార్టీకి టెన్షన్ పట్టుకుంది, ఎన్నికే వాయిదా పడింది. పదకొండేళ్ల తర్వాత అధ్యక్షుడయ్యాడు, చేతికొచ్చింది మళ్లీ ఆ ఊరే. డబ్బు సంగతే చూడండి. ఆయన ప్రభుత్వం లిబర్టీ అనే కొత్త నోట్లు వేసింది. టేలర్ ఇలాకాలో అవి చెల్లవు, అక్కడ తొలి అధ్యక్షుడు జె.జె. రాబర్ట్స్ బొమ్మున్న పాత నోట్లే. జేబులో ఉన్న ఐదు డాలర్ల కాగితం చూస్తే మనిషి ఎటువైపు వాడో తెలిసిపోయేది. నోటే చెల్లని చోట అధ్యక్షుడెలా చెల్లుతాడండీ?

మూడోబెంచి:
వెనక కథ వదిలేశారు. సైనిక కుట్రతో వచ్చిన శామ్యూల్ డో 1981లో రాజ్యాంగ ముసాయిదా కమిషన్‌కు ఈయన్నే ఛైర్మన్ చేశాడు. 1984లో ఆ డోనే జైల్లో పెట్టించాడు. విడిచిపెట్టమన్న విద్యార్థుల మీదికి క్యాంపస్‌లోకి సైన్యాన్ని తోలాడు. పార్టీ పెడితే 1985 ఎన్నికల్లో పోటీ చెయ్యనివ్వలేదు. ఇక బాంజూల్ షరతు: తాత్కాలిక అధ్యక్షుడు తర్వాతి ఎన్నికల్లో నిలబడకూడదు. ఒప్పుకునే కుర్చీ ఎక్కాడు. 1993లో కుదిరిన కొటొనూ శాంతి ఒప్పందం ప్రకారం ఐదుగురి మండలికి అప్పగించి దిగిపోయాడు. ముందు డో, తర్వాత టేలర్. మధ్యలో ఇలా దిగిపోవడం చిన్న విషయమా?

ఊరగాయజాడీ:
దిగిపోవడం గొప్పే, కాదనను. మరి హార్బెల్ మాటేమిటి? 1993 జూన్‌లో ఒక రాత్రి, ఫైర్‌స్టోన్ రబ్బరు తోటల దగ్గర తలదాచుకున్న దాదాపు 600 మందిని చంపేశారు. ముందు టేలర్ మనుషుల పనే అన్నారు. ఐక్యరాజ్య సమితి విచారణ మాత్రం లైబీరియా సైన్యాన్నే తప్పుపట్టింది. పేరుకు అది ఈయన పక్షం సైన్యం. అధ్యక్షుడంటే ఆ బాధ్యతా ఆయనదే. మాట వినని సైన్యం కదా అంటారా, అయితే మేయరే. రెండు కబుర్లూ కుదరవు.

నల్లరేగడి:
సరే, అధ్యక్షుడే అన్నాను కాబట్టి హార్బెల్ కూడా ఆయన ఖాతాలోనే రాస్తాను. మన దగ్గర తాత్కాలిక రాష్ట్రపతి అంటే 1969లో హిదయతుల్లా గారు, నెల పైచిలుకు. అందుకే ఆ మాట వినగానే సంతకాలు పెట్టే పెద్దమనిషి గుర్తొస్తాడు. సాయర్ చిక్కు వేరు. అధికారమంతా అధ్యక్షుడి చేతిలో పోగుపడడమే లైబీరియా జబ్బని పుస్తకం రాశాడు. అది 1992లో, ఆయన పదవిలో ఉండగానే వచ్చింది. రాసినవాడికి మాత్రం పోగుపడడానికి అధికారమే లేదు! నోటు చెల్లడమే కొలమానమైతే, 1997లో 75 శాతం ఓట్లతో గెలిచిన టేలర్ అసలైన అధ్యక్షుడు. రెండేళ్లకే మళ్లీ యుద్ధం. ఆ అసలు మీకు కావాలా?

ఊరగాయజాడీ:
టేలర్‌ని నా నెత్తిన పెట్టకండి. హార్బెల్ ఖాతాలో రాస్తానన్నారు, అది చాలు. నోటు దగ్గర మాత్రం నేను కదలను.